ఆగ్నేయం మూల

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు వెళ్లే ఒక గల్లీలో నాలుగు ఇళ్లు ఒకే వరసలో ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు. ఒక ఇంటి తూర్పు గోడే పక్కింటికి పడమటి గోడ. 1894లో అనంతయ్య అనే కలప వ్యాపారి వాటిని కట్టించాడు. మధ్య రెండిళ్లు తన ఇద్దరు కొడుకులకు, చివరి రెండూ కిరాయికి.

అరుగు ఎత్తు దాకా రాయి. ఆ పైన ఇటుక, డంగు సున్నం. దూలాలు అనంతయ్య అడితి నుంచే వచ్చాయి. మధ్య ఇళ్లకు వాటిని విడివిడిగా కోయించలేదు. ఒక్కో దుంగను ఉమ్మడి గోడ మీదుగా రెండిళ్లకూ కలిపి వేయించాడు. కొడుకులు ఎన్నడూ విడిపోకూడదని అలా వేయించాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. కోత కూలి మిగిలించుకోవడానికి వేయించాడని బయట చెప్పుకునేవాళ్లు.

ఇళ్లన్నీ ఉత్తర ముఖం. దర్వాజ మీద కమాను, రెండు పక్కలా అరుగులు, లోపల నలుగురూ కూర్చునే దలాను, ఆ వెనక కప్పు లేని వాకిలి, వాకిలి చుట్టూ గదులు, చివర పెరడు. పెరట్లో బావి. మధ్య రెండిళ్లకూ అదొక్కటే.

అనంతయ్య పోయాక కొడుకులు వేరుపడ్డారు. పెరట్లో గోడ పెట్టుకొమ్మని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. నీళ్లను పంచడం మాత్రం తమ వల్ల కాదన్నారు. అందుకని గోడ బావి అంచు దాకా వచ్చి, కమానుగా లేచి, బావిని దాటి అవతల దిగింది. బావి సగం ఇటు, సగం అటు. చెరొక గిలక. రెండిళ్ల ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా ఒకే నీళ్లు తోడుకునేవాళ్లు. ఇటు బొక్కెన వేస్తే అటు తాడు కదిలేది.

1997 నాటికి వరసలో ఆ రెండిళ్లే మిగిలాయి. పడమటి చివరి ఇల్లు హాస్టల్ అయింది. తూర్పు చివరి ఇంటి చోట అపార్ట్‌మెంటు లేచింది. మధ్య ఇళ్లలో పడమటి దానిలో ఇంద్రసేన, తూర్పు దానిలో ఉదయ్ కుమార్ ఉంటున్నారు. ఇద్దరూ అనంతయ్య మునిమనవలు, వరసకు అన్నదమ్ములు. ఇంద్రసేన ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తాడు. భార్య అరుంధతి. కూతురు తన్మయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు అశోక్ నగర్‌లో కోచింగ్‌కు వెళ్తుంది. ఉదయ్ కుమార్‌కు బస్ స్టాప్ దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. దాన్ని ఎక్కువగా గుమాస్తా చూసుకుంటాడు. భార్య రచన బ్యాంకులో పని చేస్తుంది.

బావి ఇప్పుడు ఎవరికీ కనపడదు. నాలుగేళ్ల కిందట ఊరంతా వాస్తు పట్టుకున్నప్పుడు ఇంద్రసేన ఒక సిద్ధాంతిని పిలిపించాడు. ఆగ్నేయంలో నిప్పు ఉండాలి, మీకు నీళ్లున్నాయి అన్నాడు సిద్ధాంతి. బావి మీద షాబాదు బండలు పరిచి, వాటి మీద వంటగది కట్టారు. అదే నెలలో ఉదయ్ కుమార్ అదే సిద్ధాంతిని పిలిపించాడు. అతనికి ఆ మూల నైరుతి అవుతుంది. అక్కడ యజమాని పడకగది ఉండాలన్నాడు సిద్ధాంతి. అతనూ తన సగం మీద బండలు పరిచి పడకగది కట్టుకున్నాడు. బావిని పూడ్చవద్దని, ఊపిరాడటానికి గొట్టం పెట్టమని సిద్ధాంతి ఇద్దరికీ చెప్పాడు. ఇద్దరూ గది గోడలో, నేల నుంచి జానెడు ఎత్తున మూతి తేలేలా, చెరొక సిమెంటు గొట్టం పెట్టించారు. ఆ తర్వాత రెండిళ్లలోనూ బావి మాట ఎత్తడం మానేశారు. దోషం ఉన్న చోటని తెలిస్తే కొనేవాడు వెనక్కి పోతాడు.

కొనేవాడు వచ్చాడు. పేరు అభిజిత్. గాంధీనగర్‌లో రెండు అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు. ఒక ఇల్లు పడగొడితే రెండోది దూలాలతో సహా కూలుతుంది కనుక అతనికి రెండూ కావాలి. ఉదయ్ కుమార్ మొదటి రోజే ఒప్పుకున్నాడు. ఇంద్రసేన చెప్తానన్నాడు.

ఆ సాయంత్రం వంటగదిలో పీట మీద కూర్చుని చాయ్ తాగుతూ ఇంద్రసేన భార్యతో తన మనసులో మాట చెప్పాడు. కింది అంతస్తులో ఫ్లాటు ఇవ్వాలి. ముత్తాత పెట్టించిన టేకు దర్వాజ ఆ ఫ్లాటుకే పెట్టాలి. ఆ రెండూ ఇస్తే మిగతావి మాట్లాడుకోవచ్చు.

"దర్వాజ సంగతి ముందే చెప్పకుండ్రి," అంది అరుంధతి. "పాత కట్టె ఎంత పలుకుతదో వాళ్లకెరుకనే."

"నేనెందుకు చెప్త. ఆఖరుకు అడుగుత."

మర్నాడు పొద్దున అభిజిత్ వచ్చాడు. దలానులో కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు.

"కింది ఫ్లాటు మీదే సార్," అన్నాడు. "ఈ దర్వాజకు పాలిష్ పట్టించి దానికే పెడతం. మీ తాతల నాటిది, మాకు తెల్వదా."

ఇంద్రసేన గ్లాసు వైపు చూశాడు. అభిజిత్ వెళ్లాక వంటగదిలోకి వచ్చాడు.

"దర్వాజ మాట ఎట్ల పోయింది?"

"నేనేడికన్న పోయిన్నా? పొద్దటి సంది ఈ పొయ్యి కాడనే ఉన్న."

"మరి నిన్న ఇంట్ల ఎవరున్నరు?"

నిన్న మాసమ్మ ఉంది. వంటగది తలుపు బయట గిన్నెలు తోముతోంది. మాసమ్మది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. లోయర్ ట్యాంక్ బండ్ కింద బస్తీలో ఉంటుంది. ఇంద్రసేన ఇంట్లో చాలా కాలంగా పని చేస్తోంది. ఆమె భర్త ఈదయ్య కూలి పని చేస్తాడు. ఆ నెలలో అతను ఎక్కడ పని చేస్తున్నాడో ఇంద్రసేన కనుక్కున్నాడు. గాంధీనగర్‌లో, అభిజిత్ కడుతున్న బిల్డింగు దగ్గర.

ఇంద్రసేనకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. మాసమ్మ వచ్చే దాకా దలానులో నిలబడ్డాడు.

"ఈదయ్య ఎవరి తాన పని చేస్తుండు?"

"ఎవరి తాననో నాకేమెరుక సారూ. అడ్డా మీద నిలబడితే ఎవరు పిలిస్తే ఆళ్లెంబడి పోతడు."

"మా ఇంటి మాటలు ఆయనకు చెప్తున్నవు. ఆయన సేటుకు చెప్తుండు."

"ఏం మాటలు?"

"దర్వాజ మాట."

మాసమ్మ దర్వాజ వైపు తిరిగి చూసింది. పై నుంచి కింది దాకా చూసింది.

"నాకెందుకు సారూ మీ దర్వాజ," అంది. "మా ఇంటికి తలుపే లేదు. గోనెపట్ట కట్టుకున్నం."

"రేపటి సంది రాకు."

మాసమ్మ అరుంధతి వైపు చూసింది. అరుంధతి ముఖం తిప్పుకుంది. అప్పటికి ఆమె కూడా భర్త మాటే నమ్మింది. మాసమ్మ చేతిలోని చీపురు గోడకు ఆనించి వెళ్లింది.

వారం తిరగకుండానే రచన ఆమెను పనిలో పెట్టుకుంది. పొద్దున మాసమ్మ వచ్చి ఇంద్రసేన అరుగు ముందు నుంచే నడిచి పక్క దర్వాజలోకి వెళ్లేది. ఇంద్రసేన అది చూసి భార్యతో అన్నాడు.

"చూసినవా. పనైపోయింది, ఇనాం ముట్టింది."

ఆ మాట మీద కొన్నాళ్లు ఇల్లు నిమ్మళంగా ఉంది. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తన్మయి కోచింగ్ సెంటర్‌లో మోడల్ పరీక్ష రాయడానికి వెళ్లింది. ఇంద్రసేన వంటగదిలో తింటున్నాడు. అరుంధతి వడ్డిస్తోంది. ఇంట్లో మూడో మనిషి లేరు.

"నిజం చెప్పాలంటే నాకు అమ్మొద్దని లేదు," అన్నాడు ఇంద్రసేన. "పిల్ల పరీక్షలయ్యేదాక ఇల్లు కదలొద్దని ఆగుతున్న. గా మాట వాళ్లకు తెలిస్తే నన్ను లెక్కచెయ్యరు. గట్టిగ వద్దంటున్నడనే అనుకోవాలె."

"అవును మరి," అంది అరుంధతి. పెరుగు వేసింది.

మంగళవారం ఆఫీసుకు వెళ్తుంటే గల్లీ మొదట్లో ఉదయ్ కుమార్ స్కూటర్ ఆపాడు.

"ఏమన్నా, మస్తు పరేషాన్‌ల ఉన్నట్టున్నవు. తొందరేం లేదు. పిల్ల పరీక్షలు అయినంకనే కూసుందాం. అప్పటిదాక అభిజిత్‌ను నేను ఆపుత."

ఇంద్రసేన ఆ రోజు ఆఫీసుకు వెళ్లాడు కానీ మధ్యాహ్నానికే తిరిగి వచ్చాడు. అలా రావడం అతనికి అలవాటు లేదు. అరుంధతి వంటగదిలో బియ్యం ఏరుతోంది.

"ఆదివారం నేను అన్న మాట ఎవరితోనన్న అన్నవా?"

"ఏ మాట?"

"పిల్ల పరీక్షల మాట."

"లేదు."

"ఉదయ్‌కు తెలిసింది."

"తన్మయి చెప్పిందేమో, రచనతోని."

"తన్మయికి తెల్వనే తెల్వదు. మాసమ్మ లేదు. ఆ మాట అన్నప్పుడు మనిద్దరమే ఉన్నం. నేను చెప్పలేదు."

లెక్క అక్కడ ఆగింది. అతను దాన్ని పైకి పూర్తి చేయలేదు. అరుంధతి బియ్యంలో చెయ్యి పెట్టి కదపకుండా కూర్చుంది.

"నేను గిట్ల చేస్తనా?"

"చేసినవని నేనన్నానా? ఎట్ల పోయిందని అడుగుతున్న."

ఇంద్రసేన మాట ఆపి గాలి పీల్చాడు. రెండోసారి పీల్చాడు.

"సిగరెట్ వాసన," అన్నాడు.

అరుంధతికి కూడా వచ్చింది. ఆమెకు అది కొత్త కాదు. పక్కింటి నుంచి గాలికి వస్తుందని అనుకునేది. ఇంద్రసేన సిగరెట్ తాగడు. ఉదయ్ కుమార్ తాగుతాడు. వంటగదికి కిటికీ ఒక్కటే ఉంది, అది పెరట్లోకి. ఇంద్రసేన కిటికీ దగ్గరకు వెళ్లాడు. అక్కడ వాసన లేదు. పొయ్యి దగ్గరకు వచ్చాడు. ఉంది.

"ఎవరొచ్చిండ్రు?"

"ఎవరు రాలే."

"ఉదయ్ వచ్చిండా?"

"ఏమంటున్నరు మీరు?"

అతను పెరట్లోకి వెళ్లి తలుపు గడియ చూశాడు. లోపలి నుంచి వేసి ఉంది. తిరిగి వచ్చి బీరువా తెరిచి ఇంటి కాగితాల కవరు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాడు.

"ఆఫీసుల లాకర్ ఉంది, ఆడ పెడత," అన్నాడు. బీరువా తాళంచెవి ఎప్పుడూ గోడ మేకుకు ఉండేది. ఆ రోజు జేబులో వేసుకుపోయాడు.

ఆ తర్వాత ఇంద్రసేన ఇంట్లో ఇంటి సంగతి మాట్లాడలేదు. చాయ్ గల్లీ చివర హోటల్లో తాగేవాడు. ఒక రోజు పదకొండింటికి వచ్చి కళ్లద్దాలు మర్చిపోయానన్నాడు. కళ్లద్దాలు అతని జేబులోనే ఉన్నాయి. మరో రోజు నడిమధ్యాహ్నం వచ్చి ఏమీ చెప్పకుండా నీళ్లు తాగి వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ వంటగదిలోకి వెళ్లి నిలబడేవాడు. ముక్కుతో గాలి పీల్చే చప్పుడు అరుంధతికి వాకిలి అవతలికి వినపడేది.

తన్మయి కూడా గమనించింది.

"డాడీ ఏంది మమ్మీ, సీఐడీ లెక్క తిరుగుతుండు," అంది.

"నీ పరీక్షలు చూసుకో."

పెళ్లయిన నాటి నుంచి అరుంధతి ఆ ఇంట్లో తన మాటకు సాక్ష్యం తెచ్చుకోవలసిన పని పడలేదు. ఇప్పుడు పడింది. సాక్ష్యం ఎక్కడుందో తెలియదు.

ఒక పొద్దున ఇంద్రసేన వెళ్లాక ఆమె అరుగు కడుగుతోంది. పక్క అరుగు మీద మాసమ్మ ముగ్గు వేస్తోంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం ఉంది. కొంచెంసేపు ఎవరి పని వాళ్లు చేశారు.

"మాసమ్మా, బాగున్నవా?"

"బాగనే ఉన్నమ్మా." ముగ్గు గీత పూర్తి చేసింది. "ఇప్పుడు ఎవరి మీదికొచ్చింది?"

"ఏంది?"

"సారు అనుమానం. నన్ను పలకరిస్తున్నవంటే నా మీది నుంచి దిగిపోయింది గద. ఎవరి మీద ఎక్కిందని అడుగుతున్న."

అరుంధతి బకెట్ కింద పెట్టింది. అబద్ధం చెప్పడానికి ఏమీ తోచలేదు.

"నా మీద."

మాసమ్మ నవ్వలేదు. ముగ్గు గిన్నె పక్కన పెట్టి కూర్చుంది.

"ఈ ఇంట్ల ఎట్లుంది పని?" అడిగింది అరుంధతి.

"పని తక్కువనే. రచనమ్మ బ్యాంకుకు పోతది. సారే ఉంటడు, దుకాణం సంగతే పట్టదు. పడకగది ఊడ్వనియ్యడు. మూలకు కుర్చేసుకొని కూసుంటడు, సిగిలేట్ తాగుకుంట. జర జరుగు సారూ అంటే నోటి మీద ఏలు పెట్టి పొమ్మంటడు."

"ఏ మూలకు?"

మాసమ్మ చేత్తో చూపించింది. ఇంటి వెనక భాగం. ఇంద్రసేన ఇంటి వైపు గోడ.

అరుంధతి లోపలికి వచ్చి వంటగదిలో నిలబడింది. ఆ గోడ వైపు చూసింది. పొయ్యి గట్టు, గట్టు కింద సిలిండర్, సిలిండర్ వెనక గోడ. కొన్ని రోజులుగా ఇంద్రసేన ముక్కుతో వెతుకుతున్నది ఆ చోటే. ఆమెకు ఏదో అందీ అందనట్టు ఉంది. గోడకు చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. అంత మందం ఉన్న గోడలోంచి ఏమీ వినపడదు.

పప్పు దించి పోపు పెట్టింది. నూనె కాగాక ఎండు మిరపకాయలు వేసింది. మనసు గోడ మీద ఉండటం వల్ల ఒక పిడికెడు పడ్డాయి. ఘాటు లేచింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

అప్పుడు దగ్గు వినిపించింది.

మగవాడి దగ్గు. ఆపుకోబోయి ఆపుకోలేక దగ్గిన దగ్గు. అది కిటికీలోంచి రాలేదు. గోడలోంచి కూడా కాదు. కింది నుంచి, సిలిండర్ వెనక నుంచి వచ్చింది. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

అరుంధతి పొయ్యి ఆపింది. సిలిండర్‌ను పట్టుకుని అంచు మీద తిప్పుతూ పక్కకు జరిపింది. వెనక గోడలో సిమెంటు గొట్టం మూతి ఉంది. దాని ముందు చెయ్యి పెట్టింది. గాలి తగిలింది. చల్లగా, తడి మట్టి వాసనతో, సిగరెట్ వాసనతో.

ఆ గొట్టం పెట్టిన రోజు ఆమె అక్కడే ఉంది. బావికి ఊపిరి అన్నారు. ఆ తర్వాత సిలిండర్ అడ్డం వచ్చింది. బండల కింద బావి ఖాళీగానే ఉందని, కమాను కింద అటు సగం ఇటు సగం కలిసే ఉన్నాయని, అటు కూడా ఇలాంటి గొట్టమే ఉందని ఎవరూ కలిపి ఆలోచించలేదు. ఉదయ్ కుమార్ తప్ప.

ఆమె సిలిండర్‌ను అలాగే వదిలేసింది. ఆ సాయంత్రం ఇంద్రసేన రాగానే చెయ్యి పట్టుకుని దలానులోనే ఆపింది. గొంతు తగ్గించి జరిగింది చెప్పింది. అతను లోపలికి వెళ్లి గొట్టం చూశాడు. బయటికి వచ్చాడు.

"అది బావికి ఊపిరి. నేనే పెట్టించిన."

"ఊపిరి ఒక్కటే పోతదా అండ్ల? మాట పోదా?"

"నువ్వు దగ్గు విన్నవు. నేను వినలేదు గద."

అరుంధతి దానికి కూడా సిద్ధపడే ఉంది.

"ఆదివారం మీరింట్లనే ఉంటరు. మీరొక్కరే వంటగదిల కూసొని ఏదన్న ఒక మాట అనుండ్రి. ఏమంటరో నాకు చెప్పకుండ్రి. నేను అరుగు మీద కూసుంట. గల్లీల అందరు చూస్తుంటరు. లోపలికి రాను. గా మాట ఉదయ్ నోట్ల నుంచి వస్తదో రాదో మీరే చూడుండ్రి."

ఇంద్రసేన చాలాసేపు ఆలోచించాడు. ఇందులో మోసం ఎక్కడుండొచ్చో చూసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

"సరే," అన్నాడు.

ఆదివారం పొద్దున అరుంధతి చిక్కుడుకాయల చాట తీసుకుని అరుగు మీద కూర్చుంది. పక్క అరుగు మీద మాసమ్మ గోధుమలు ఎండబోస్తోంది. లోపల ఇంద్రసేన పీట వేసుకుని వంటగదిలో కూర్చున్నాడు. గోడతో మాట్లాడటం అతనికి చేతకాలేదు. ముందు గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా భార్య ఉన్నట్టే అన్నాడు.

"ఇగో, విను. అశోక్ నగర్ల కోచింగ్ సెంటరాయన ఉన్నడు గద, ఆయనకు మాటిచ్చిన. ఇల్లు హాస్టల్‌కు ఇస్తున్న. పదేండ్ల లీజు. ఎల్లుండి కాగితాలు. ఇగ అభిజిత్‌కు దండం పెట్టుడే."

కొంచెం ఆగి, ఎందుకన్నా మంచిదని, "ఉదయ్‌కు తెల్వొద్దు," అని కూడా అన్నాడు. తర్వాత వచ్చి దలానులో పేపర్ పట్టుకున్నాడు. అక్కడి నుంచి అరుగు మీద అరుంధతి వీపు కనపడుతుంది.

ఆమె చాటలో కాయలు సగం కూడా అవలేదు. పక్క దర్వాజలోంచి ఉదయ్ కుమార్ బనియన్ మీద చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. గుండీలు తప్పు పెట్టుకున్నాడు. అరుగుల మీది ఇద్దరినీ చూడకుండా ఇంద్రసేన ఇంట్లోకి వెళ్లాడు. మాసమ్మ అతని వెనక చూసి అరుంధతి వైపు తిరిగింది.

"ఎన్నడు లేనిది గంత తొందరేంది సారుకు," అంది.

అరుంధతి చాట పక్కన పెట్టి గడప దాకా వచ్చింది.

"అన్నా, గిదేం పని," అంటున్నాడు ఉదయ్ కుమార్. "ఇల్లు హాస్టల్‌కు ఇస్తున్నవంట. నాతోని ఒక్క మాట అనొద్దా?"

ఇంద్రసేన పేపర్ మడిచాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"బయట అనుకుంటున్నరు."

"బయట ఎవరు?"

"ఎవరో. గల్లీల."

"పేరు చెప్పు, ఉదయ్."

ఉదయ్ కుమార్ వెనక్కి తిరిగాడు. గడపలో అరుంధతి కనిపించింది. అతనికి అందిన మొదటి పేరు అదే.

"వదిననే చెప్పింది. నిన్న రచనతోని అన్నదంట."

బయట మాసమ్మ గోధుమలు నెరపడం ఆపింది.

"నిన్న అన్నదా?"

"అవునన్నా."

"ఇప్పుడే అనుకున్న మాట అది," అన్నాడు ఇంద్రసేన. "వంటగదిల కూసొని. ఒక్కణ్నే."

ఉదయ్ కుమార్ తప్పు గుండీలు విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

"నీకేదో పరేషాన్ ఉందన్నా," అన్నాడు. "తర్వాత మాట్లాడదాం."

అరుంధతి గడప విడిచి అతనికి దారి ఇచ్చింది. అతను తల వంచుకుని వెళ్లాడు.

మాసమ్మ అరుగు మీద నుంచి లోపలికి తొంగి చూసింది.

"సారూ," అంది. "నా మీదిది కూడ దిగిందా, ఇంకేమన్న ఉందా?"

ఇంద్రసేన లేచి వంటగదిలోకి నడిచాడు. అరుంధతి వెనక వెళ్లింది. ఆ కొన్ని అడుగుల్లో అతను అనబోయే మాట కోసం ఆమె ఎదురు చూసింది. పెద్ద మాట అక్కర్లేదు. జేబులోని తాళంచెవి తీసి మేకుకు తగిలించినా చాలు.

అతను గొట్టం ముందు గొంతుక్కూర్చున్నాడు. మూతి చుట్టూ వేలితో తడిమాడు. నేల మీద సిలిండర్ అంచు గీసిన గీతలు ఉన్నాయి. గోడ నుంచి గట్టు చివరి దాకా వంకర్లు తిరిగిన గీతలు. వాటిని చూశాడు. సిలిండర్‌ను చూశాడు. కిందటి వారమే నిండుది వచ్చింది.

"ఒక్కదానివే జరిపినవా దీన్ని?"

అరుంధతి అతని వైపు చూసింది.

"ఈ గొట్టం సంగతి నీకు ఎప్పటి సంది ఎరుక?" అన్నాడు.

"చెప్పిన గద. పోపు పెట్టిన దినం సంది."

"అంతకు ముందు తెల్వదా?"

ఆమె గోడ మేకు వైపు చూసింది. అది ఖాళీగానే ఉంది. గట్టు మీద నూనె గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది. అగ్గిపుల్ల గీసింది.

"నన్నెందుకు అడుగుతున్నరు," అంది. "అండ్ల అడుగుండ్రి. ఈ ఇంట్ల ఏం జరుగుతదో మీ కంటె వాళ్లకే ఎక్కువ ఎరుక."

ఇంద్రసేన నిజంగానే గొట్టం వైపు తిరిగాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి, తల వంచి, చెవి మూతికి దగ్గరగా పెట్టాడు. అవతల ఎవరో ఉన్నట్టు అనిపించిందేమో, చెయ్యెత్తి భార్యను చప్పుడు చేయవద్దన్నాడు.

అరుంధతి డబ్బా మూత తీసింది. నూనె పొగ చిమ్మే దాకా ఆగింది. డబ్బాలో ఉన్న ఎండు మిరపకాయలన్నీ గిన్నెలో బోర్లించి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

వాకిట్లోకి దిగేసరికి దగ్గు మొదలైంది. ఇంద్రసేనది ఒకటి. దాని కింద, బావిలోంచి, ఇంకొకటి.

ఆమె అరుగు మీదికి వచ్చి చాట ఒళ్లో పెట్టుకుంది. మాసమ్మ పక్క అరుగు దిగి ఇటు వచ్చి కూర్చుంది. ఇద్దరూ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టారు.